పావు మైలు గుర్రం

ఆ శనివారం మధ్యాహ్నం నేను కూడా అందరిలాగే చేతులు కట్టుకుని నిలబడి ఉంటే సరిపోయేది.

మా బాసు కంపెనీ మొత్తాన్నీ ఒక బస్సులో ఎక్కించి గుర్రాల లాయానికి తీసుకెళ్లాడు. ఆయన కూతురు, పదహారేళ్ల పిల్ల, అక్కడ స్వారీ నేర్చుకునేది. ఆ రోజు వాళ్ల ప్రదర్శన. ఏసీ గదుల్లోంచి లేచి వచ్చిన ముప్పైమందిమి ఎండకి కళ్లు చికిలించుకుంటూ కంచె వెంబడి నిలబడ్డాం. ఆ పిల్ల ఎక్కబోతున్న గుర్రం కుడి ముందుకాలు నేలకి ఆనీ ఆనకుండా పెడుతోంది. ఎవరూ గమనించలేదు. నేను కంచె దూరి వెళ్లి, దాని భుజానికి నా భుజం ఆనించి, కాలి వెనకగా చెయ్యి కిందికి రాస్తే అదే కాలెత్తి ఇచ్చింది. గిట్టలో గులకరాయి. జడపిన్నుతో తీసేశాను.

లేచి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు.

"అరె, గుర్రాల పని ఎక్కడ నేర్చినవ్?" అన్నాడు బాసు. ఆయనది హైదరాబాదు. మేం ఉద్యోగాలకి వెళ్లిన ఆ పరాయి దేశం వచ్చి పదిహేనేళ్లయినా మాట మారలేదు.

"మా నాన్నకి జట్కా ఉండేది సార్. తెనాలి స్టేషను దగ్గర."

అప్పటిదాకా ఆఫీసులో ఎవరడిగినా మా నాన్నది ట్రాన్స్‌పోర్టు వ్యాపారం అని చెప్పేదాన్ని. నా పక్క సీట్లో కూచునే అమ్మాయి నా మొహం చూసి తల తిప్పుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. బాసు మాత్రం సంతోషపడ్డాడు. "ఇగ ప్రతి ఆదివారం నువ్వు ఇక్కడికి వస్తున్నవ్" అన్నాడు. వస్తావా అని అడగలేదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులవి. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలుగా రాసిన సంవత్సరాన్ని వెతికి పట్టుకుని నాలుగంకెలు చెయ్యడం నా పని. పొద్దున ఎనిమిదిన్నరకి మొదలుపెడితే కళ్లు మండేదాకా అదే. యూ టీ అనే పేటలో, ఒక ఫ్లాటులో ఒక గదికి ముగ్గురం ఆడపిల్లలం ఉండేవాళ్లం. మూడు పరుపులు పరిస్తే తలుపు సగమే తెరుచుకునేది. కిటికీలోంచి చూస్తే ఎదురు బ్లాకు, వెదురు గడల మీద ఆరేసిన ఎవరివో చొక్కాలు.

నా పాస్‌పోర్టు నా దగ్గర లేదు. వచ్చిన రెండో రోజే హెచ్ఆర్ ఆవిడ "పోగొట్టుకుంటారు, మా దగ్గర భద్రంగా ఉంటుంది" అని తీసుకుని ఇనప బీరువాలో పెట్టింది. నాకు వర్క్ పాసు ఇప్పించింది ఆ కంపెనీ. ఉద్యోగం పోతే పాసు పోతుంది, పాసు పోతే కొద్దిరోజుల్లో దేశం వదిలి వెళ్లాలి. ఈ మాట బాసు నాతో ఎప్పుడూ గట్టిగా అనలేదు. అనాల్సిన అవసరం లేదు. పాసు పొడిగింపు కాగితం నవంబరులో ఆయన బల్ల మీదికి వస్తుంది. ఆఫీసులో ప్రతివాళ్లకీ తమ తమ కాగితం ఏ నెలలో వస్తుందో పుట్టినరోజు కంటే బాగా గుర్తు.

అలా నాకున్న ఒక్క ఆదివారమూ పోయింది.

లాయంలో ఆ గుర్రాన్ని చూసుకునే సైసు ఒక పెద్దాయన ఉండేవాడు. అరవై దాటి ఉంటాయి. నేను వెళ్లిన మొదటి ఆదివారం నన్ను ఎగాదిగా చూసి, "తెలుగా అమ్మాయ్?" అన్నాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడట. ఈయన ఎప్పుడూ ఆంధ్ర చూడలేదు. ఆయన తెలుగులో సగం అరవం, సగం మలయీ. "ఈ కుదా రొంబ మంచిది" అంటే "ఈ కూడా ఏమిటి అంకుల్?" అని అడిగాను. పగలబడి నవ్వాడు. మలయీలో కుదా అంటే గుర్రమే.

నిజంగానే మంచి గుర్రం. క్వార్టర్ హార్స్ అనే అమెరికా జాతి. ఆస్ట్రేలియాలో పెంచిన దాన్ని బాసు కొనుక్కొచ్చాడు. ఎర్రమట్టి రంగు. వెనక్కి వెళ్లి చూస్తే తొడలు రెండూ రుబ్బురోళ్లలా ఉండేవి. ఛాతీ ఎంత వెడల్పంటే ముందుకాళ్ల మధ్య నేను దూరి కూచోవచ్చు. మా నాన్న గుర్రం దాని పక్కన నిలబడితే మేకలా కనిపించేది.

"పావు మైలు పందెం కోసం పుట్టించిన జాతి అమ్మాయ్. పేరే అది" అని చెప్పాడు అంకుల్. "నాలుగు వందల గజాలు పరిగెత్తమను, అరబ్బీ గుర్రం దీని తోక కూడా చూడలేదు. అంతే. అయిపోయింది. ఆపైన నిలబడి ఊపిరి పీల్చుకోవాలి."

అది రోజులో ఇరవై మూడు గంటలు కొట్లోనే ఉండేది. ఆ ఊళ్లో గుర్రం నడవడానికి దారి ఎక్కడుంది? కంచె వేసిన ఇసక మైదానంలో గుండ్రంగా తిరగడం, మళ్లీ కొట్లోకి. తల బయట పెట్టి ఫ్యాను వైపు చూస్తూ నిలబడేది. నేను మాలిష్ చేస్తుంటే పెదవి వేలాడేసి నిద్రపోయేది. రెండు మూడు ఆదివారాలయ్యాక, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా, ఆ లాయం నాకు బాగానే అనిపించసాగింది. ఉలవల వాసన లేదుగానీ, గడ్డి వాసన, చెమట వాసన ఒకటే.

ఒక ఆదివారం బాసు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. ఆఫీసు ప్రాజెక్టులకి గీసినట్టే గడులు గీసి, వారం వారం ఎన్ని కిలోమీటర్లో రాసి ఉంది. చివరి గడిలో "అరవై".

విషయం ఏమిటంటే, మా కంపెనీకి పెద్ద పని ఇవ్వబోతున్న ఒక క్లయింటుకి సరిహద్దు వంతెన అవతల జొహోర్‌లో పామాయిల్ తోట ఉంది. ఆయనకి అరబ్బీ గుర్రాలున్నాయి. ఏటా తన తోటలో దూరపు స్వారీ పెడతాడు. ఇరవై కిలోమీటర్ల చుట్లు మూడు. ఒక విందులో మా బాసు "నా గుర్రం కూడా వస్తది, నా బిడ్డ ఎక్కుతది" అని మాట ఇచ్చేశాడు.

"సార్, ఇది దూరం పోయే గుర్రం కాదు" అన్నాను.

"ఏం మాట్లాడుతున్నవ్? ఆ అరబ్బీలని చూసినవా? పుల్లల్లెక్క ఉంటయ్. దీని కండ చూడు. కండ అంటే బలం కదా?"

"బలమే సార్. కానీ కండ ఎంత దళసరిగా ఉంటే లోపల అంత వేడి పుడుతుంది. సన్నటి గుర్రానికి ఆ వేడి తోలుదాకా తొందరగా వచ్చి పోతుంది. దీనికి లోపలే ఉండిపోతుంది. ఇక్కడ గాలే తడి, పట్టిన చెమట ఆరదు."

"అదంతా ట్రైనింగ్‌తోటి సెట్ అయితది."

"ట్రైనింగ్ ఇవ్వడానికి ఏడాది పడుతుంది సార్, అదీ మెల్లగా..."

"మనకు పది వారాలున్నయ్" అన్నాడు కాగితం నా చేతికిస్తూ. కింద "బాధ్యులు" అన్న గడిలో నా పేరు రాసి ఉంది.

ఆయన కూతురు పక్కనే నిలబడి వింటోంది. "పాపా, సో హాట్ లా, సిక్స్‌టీ కిలోమీటర్స్" అంది సన్నగా, ఆ ఊరి ఇంగ్లీషులో. "నువ్వు ఊకో" అన్నాడాయన. ఊరుకుంది. ఇద్దరం ఊరుకున్నాం.

ఆ వారం మా బ్లాకు కింద ఉన్న పబ్లిక్ ఫోన్ నుంచి కార్డు గీకి మా నాన్నకి ఫోన్ చేశాను. అప్పటికి జట్కాలు పోయి చాలా కాలమైంది. స్టేషను ఎదురుగానే సైకిలు షాపు పెట్టుకున్నాడు. గుర్రం గురించి అనగానే ఆయన గొంతు మారిపోయింది.

"పని అయ్యాక డొక్కలు ఎంతసేపు ఎగరేస్తంది?"

"అరగంట పైనే నాన్నా."

"అమ్మో. దాణా ఏం పెడతన్నారు?"

చెప్పాను. వారమంతా కొట్లో నిలబెట్టి, కండ తగ్గకూడదని రోజుకి మూడుపూటలా గింజలు పెడుతున్నారని, శని ఆదివారాలు మాత్రం గట్టిగా తిప్పుతున్నారని.

"పని లేని రోజు గుగ్గిళ్లు పెట్టకూడదమ్మా" అన్నాడు. "పండక్కి రెండు రోజులు బండి కట్టకపోతే మేం ఉలవలు మానేసి ఒట్టి గడ్డే ఏసేవాళ్లం. అట్టా మానకుండా పెట్టి, మూడోనాడు బండి కట్టారనుకో, నడుం పట్టేసుద్ది. ఎనక కండలు రాయిలాగా అయిపోతయ్. అప్పుడు గాని తోలారా, ఉచ్చ నల్లగా వస్తది. అది వచ్చిందంటే ఇక గుర్రం మీద ఆశ ఒదులుకోవాల్సిందే. మీ ఆఫీసరుకి చెప్పు."

చెప్పాను. మరుసటి సోమవారం గదిలోకి వెళ్లి నిలబడి చెప్పాను. ఆయన కంప్యూటరు మీంచి కళ్లు తీయకుండా విని, "మీ నాయన జట్కా గుర్రం, ఇది వేరే బ్రీడ్" అన్నాడు. తర్వాత, చాలా మామూలుగా, "నీ రెన్యువల్ నవంబరే కదా?" అన్నాడు.

బయటికొచ్చి నీళ్లు తాగాను.

నాకు చేతనైంది చేశాను. అంకులూ నేనూ కలిసి గింజలు దొంగతనంగా తగ్గించి ఆ మేరకు గడ్డి పెంచాం. సాయంత్రాలు ఆయన గుర్రాన్ని చేత్తో పట్టుకుని లాయం చుట్టూ నడిపించేవాడు. అయినా మూడో వారానికల్లా గుర్రం పక్కటెముకలు కాస్త కనపడేసరికి బాసు గుర్తుపట్టి, దాణా గది తాళం తన దగ్గర పెట్టుకున్నాడు. శనివారం రాగానే తనే గింజలు కొలిచి వారానికి సరిపడా బస్తాల్లో కట్టించేవాడు. ఆ పది వారాల్లో నాకు ప్రతి శుక్రవారం సాయంత్రం ఊరెళ్లిపోదామనిపించేది. ఎలా వెళ్లను? పాస్‌పోర్టు అడగాలి. ఎందుకని అడుగుతారు.

స్వారీ రోజున చీకటి విడకముందే బాసు కారులో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ముందు సీట్లో కూతురు, వెనక నేను. గుర్రాన్నీ అంకుల్నీ ముందు రోజే లారీలో పంపేశాం. సరిహద్దు వంతెన దగ్గర బాసు చొక్కా జేబులోంచి మూడు పాస్‌పోర్టులు తీసి కిటికీలోంచి ఆఫీసరుకి ఇచ్చాడు. మధ్యలో ఉన్నది నాది. ఆఫీసరు తెరిచి నా మొహం వైపు చూసినప్పుడు మెడ చాచి నా ఫొటో నేనూ చూశాను. ఎనిమిది నెలలైంది దాన్ని చూసి. ఠప్పున ముద్ర వేసి ఇచ్చేస్తే మూడూ మళ్లీ ఆయన జేబులోకే వెళ్లాయి.

తోటలో అప్పటికే ఇరవై దాకా గుర్రాలున్నాయి. అన్నీ సన్నటివి, పొడుగు మెడలవి. మా గుర్రం దిగగానే జనం చుట్టూ మూగారు. ఫొటోలు తీసుకున్నారు. క్లయింటు వచ్చి దాని తొడ మీద చరిచి "అందగాడు" అన్నాడు. బాసు మొహం వెలిగిపోయింది. ఆ ఒక్క నిమిషం కోసమే ఇదంతా అనిపించింది నాకు.

దూరపు స్వారీకి ఒక నియమం ఉంది. ఒక్కో చుట్టు అయ్యాక పశువుల డాక్టరు పరీక్ష చేస్తుంది. అరగంటలోపు గుర్రం నాడి నిమిషానికి అరవై నాలుగుకి దిగాలి. కుంటకూడదు. కడుపులో చప్పుడు వినపడాలి. ఏది తేడా వచ్చినా ఇక ముందుకి పోనివ్వరు. అక్కడి డాక్టరు ఒక మలయ్ ఆవిడ, తలకి గుడ్డ కట్టుకుని, స్టెతస్కోపు మెళ్లో వేసుకుని గొడుగు కింద నిలబడింది.

మొదటి చుట్టు నుంచి అరబ్బీలు అప్పుడే బయల్దేరినట్టు తిరిగొచ్చాయి. మాది అన్నిటికంటే చివర వచ్చింది. డొక్కలు కొలిమి తిత్తుల్లా ఆడుతున్నాయి. అంకులూ నేనూ ఐసు నీళ్లు బకెట్లతో మెడ మీద, కాళ్ల మధ్య పోసి, వెంటనే ఆ నీళ్లు గీకెయ్యడం, మళ్లీ పోసి గీకడం. తీసిన నీళ్లు వేడిగా ఉండేవి. గడువు ఇంకో రెండు నిమిషాలుందనగా నాడి అరవై నాలుగుకి వచ్చింది.

నడుం వెనక రుద్దుతుంటే నా చేతికి తెలిసింది. ఎడమ తొడ కండ ఒక పక్కన గట్టిపడి ఉంది. ఇంకా రాయి కాలేదు, అవుతోంది. అంకుల్ వైపు చూశాను. ఆయనా చెయ్యి వేసి చూసి, "తా బొలె అమ్మాయ్" అన్నాడు నెమ్మదిగా. కుదరదు అని.

డాక్టరు కాగితం మీద రాసుకుంటూ మామూలుగా అందరినీ అడిగే మాటే నన్నూ అడిగింది. "మీరు గమనించిందేమైనా ఉందా?"

బాసు ఆవిడ పక్కనే నిలబడి నన్నే చూస్తున్నాడు. అంకుల్ దూరంగా బకెట్లు సర్దుతున్నాడు. ఆయన పని కూడా బాసు చేతిలోనే ఉంది.

"ఏమీ లేదు డాక్టర్" అన్నాను.

ఆవిడ గుర్రాన్ని కొంచెం పరిగెత్తించి చూసింది. కుంటడం లేదు. సంతకం పెట్టేసింది. పిల్ల మళ్లీ ఎక్కింది. ఎక్కుతూ నా వైపు ఒకసారి చూసింది. నేను జీను పట్టీ సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను.

రెండో చుట్టుకి వెళ్లినవాళ్లు వరసగా వచ్చేశారు. మాది రాలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆయిల్ పామ్ చెట్ల వరసల మధ్య దారి తిన్నగా కిలోమీటరు దాకా కనపడుతుంది, అందులో ఎవరూ లేరు. బాసు ఒకసారి గడియారం, ఒకసారి దారి చూస్తున్నాడు. చివరికి ఆ వరస కొసన ఏదో కదిలింది. పిల్ల దిగి నడుస్తోంది. గుర్రం వెనక కాళ్ల అడుగులు చిన్న చిన్నగా, కాళ్లకి తాడు కట్టినట్టు వేస్తోంది.

అంకులూ నేనూ పరిగెత్తాం. పిల్ల మొహం ఎర్రగా కమిలిపోయి ఉంది. "అక్కా, హి డోంట్ వాంట్ టు వాక్. ఐ గాట్ డౌన్ లా. ఐ గాట్ డౌన్" అంటూ ఏడ్చేసింది.

మా డేరా దగ్గరికి వచ్చి గుర్రం ఆగిపోయింది. వెనక కాళ్లు వెడల్పు చేసి, మూలిగి, ఉచ్చ పోసింది. కాఫీ డికాక్షన్ రంగు.

మా నాన్న ఫోన్లో చెప్పిన మాట చెవిలో గింగురుమంది. తొడ మీద చెయ్యి పెడితే బండలా ఉంది. చర్మం కింద కండ దానంతటది వణుకుతోంది.

బాసు కూడా చూశాడు. బకెట్టు తీసుకుని ఆ తడి మీద నీళ్లు గుమ్మరించాడు. "చూడు" అన్నాడు నాకు దగ్గరగా వచ్చి. "నాడి దిగినాక డాక్టర్ దగ్గరికి తీస్కపో. ఇదేం చెప్పకు. ఇంకొక్క చుట్టు మెల్లగ నడిపిస్తే అయిపాయె. ఆ తోటాయన చూస్తున్నడు. నీకు అర్థమైతుందా?"

"నడిస్తే చచ్చిపోతుంది సార్."

"ఏం కాదు. నేను చూసుకుంట. నవంబరుల నీది కూడా నేనే చూసుకుంట."

ఆయన గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టు ఉంది. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయి ఉంది. అప్పుడు నాకు ఆయన మీద జాలి కూడా కలిగింది. అబద్ధం చెప్పను.

గుర్రాన్ని కదిలించలేదు. నేనొక్కదాన్నే గొడుగు దగ్గరికి నడిచాను. వెనక నుంచి ఆయన పిలుస్తున్నాడు, పేరు పెట్టి, ఒకసారి, రెండుసార్లు. 

"డాక్టర్, వెనక కండలు పట్టేశాయి. మూత్రం నల్లగా పోసింది. ఇందాక మొదటి చుట్టులోనే ఎడమ తొడ గట్టిపడింది. నాకు తెలిసే మీకు చెప్పలేదు."

ఆవిడ నన్ను ఒక క్షణం చూసింది. సంచీ తీసుకుని పరిగెత్తింది.

ఆ గుర్రం నిలబడ్డ చోటే నిలబడి ఉంది. ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వద్దని చెప్పింది డాక్టరు. మెడ నరానికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించింది. ఒక సీసా అయ్యాక ఇంకొకటి. సీసాలు పట్టుకోవడానికి మనిషి కావాలి. పిల్ల ఒక గంట, నేనొక గంట, చేతులు పైకెత్తి పట్టుకున్నాం. అంకుల్ దాని ముక్కు దగ్గర నిలబడి ఏవేవో మాటలు చెబుతూనే ఉన్నాడు, మూడు భాషలూ కలిపి. బాసు కాసేపు దూరంగా నిలబడి, తర్వాత మెల్లగా వచ్చి మా మీద ఎండ పడకుండా ఒక తార్పాలిన్ కొస పట్టుకున్నాడు. 

మధ్యాహ్నం మూడింటికి మూత్రం రంగు కాస్త తేలికైంది. "బతుకుతుంది" అంది డాక్టరు. "మూడో చుట్టు వెళ్లి ఉంటే ఇక్కడే పూడ్చాల్సి వచ్చేది." ఆ మాట బాసుకి చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "మొదటి చుట్టులోనే చెప్పి ఉంటే ఇంత బాధ పడేది కాదు" అంది. అందులో ఏ కరుకూ లేదు. చెప్పాల్సినదే చెప్పింది.

గుర్రాన్నీ అంకుల్నీ అక్కడే ఉంచి మేం ముగ్గురం బయల్దేరాం. వంతెన మీద కార్ల వరస కదలడం లేదు. ఎదర లారీ వెనక లైట్లు చూస్తూ గంటన్నర కూచున్నాం. చివరికి ఆఫీసరు ముద్రలు వేసి పాస్‌పోర్టులు ఇచ్చాడు. వెనక కార్లవాళ్లు హారన్ కొడుతుంటే బాసు వాటిని కూతురి ఒళ్లో పడేసి గేరు మార్చాడు. ఆ పిల్ల ఒక్కొక్కటీ తెరిచి చూసింది. నాది తీసి, సీట్ల మధ్య నుంచి చెయ్యి వెనక్కి చాపింది.

"అక్కా, యువర్స్."

తీసుకున్నాను.

"అది ఇటియ్యి, ఆఫీసుల పెట్టాలె" అన్నాడు బాసు అద్దంలో చూస్తూ.

"నా దగ్గరే ఉంటుంది సార్" అన్నాను. హ్యాండుబ్యాగులో వేసుకుని జిప్పు లాగాను. అంత చిన్న చప్పుడు కారంతా వినపడింది. బుకిట్ బటోక్ దాటి వాళ్ల ఇంటివైపు మలుపు వచ్చినప్పుడు ఆయన కారాపి, "ఇక్కడ ట్రైన్ దొరుకుతది" అన్నాడు.

సోమవారం నన్ను గదిలోకి పిలిచి, "ముందు నాకు చెప్పాల్సింది" అన్నాడు. "మూడుసార్లు చెప్పాను సార్" అన్నాను. "నవంబరుల నేను సంతకం పెట్టలేను. ప్రతిసారీ నిన్ను చూస్తే అదే యాదికొస్తది. అప్పటిలోపు ఇంకోటి చూసుకో" అన్నాడు. కేకలు వేస్తాడని సిద్ధపడి వెళ్లిన నేను, సరే సార్ అని వచ్చి నా సీట్లో కూచున్నాను.

ఆ క్లయింటు మాత్రం గుర్రం గురించి మళ్లీ ఎత్తనే లేదట. పని మా కంపెనీకే ఇచ్చాడు. తన గుర్రాలనే ఎన్నోసార్లు మధ్యలో ఆపించాడట, అందులో ఏముంది అన్నాడట. ఇది నాకు పిల్ల చెప్పింది.

మూడు వారాల్లో నాకు వేరే ఉద్యోగం దొరికింది. నాలాంటి పని తెలిసినవాళ్ల కోసం శనివారం పేపర్లో పేజీలకి పేజీలు ప్రకటనలు వచ్చేవి. నేను నెలల తరబడి వాటి మీదే అన్నం గిన్నె పెట్టుకుని తిన్నాను. అవి నాకోసం అని ఒక్కసారీ అనుకోలేదు. కొత్త కంపెనీలో మొదటిరోజు హెచ్ఆర్ ఆయన నా పాస్‌పోర్టు తీసుకుని నకలు తీసి వెంటనే తిరిగిచ్చేశాడు. అంత తేలికగా ఇచ్చేసరికి ఇంటికెళ్లి ఏడ్చాను. గదిలో ఉన్న ఇద్దరూ ఎవరైనా పోయారా అని అడిగారు.

గుర్రం రెండు నెలలకి కోలుకుని తిరిగింది. దూరానికే కాదు, ఇక గట్టి పరుగుకీ పనికిరాదన్నారు. బాసు దాన్ని చిన్నపిల్లలకి స్వారీ నేర్పే ఒక స్కూలుకి ఇచ్చేశాడు. ఆయన కూతురు స్వారీ మానలేదు. తర్వాత వేరే గుర్రం ఎక్కిందని, అది సన్నటి గుర్రమని విన్నాను. అంకుల్ పని మానేసి పాసిర్ రిస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఏడాది తర్వాత ఒక ఆదివారం ఆ స్కూలుకి వెళ్లాను. ఎవరూ రమ్మనకుండా, నా అంతట నేను. ఆరేళ్ల పాపాయిని ఎక్కించుకుని గుర్రం నిదానంగా నడుస్తోంది. ఆ పని దానికి సరిపోయింది. నాలుగు అడుగులు వెయ్యడం, ఆగడం. పాఠం అయ్యాక దగ్గరికి వెళ్లి మెడ నిమిరాను. అది నన్ను గుర్తుపట్టలేదు. నా చేతిలో క్యారెట్ ఉందేమోనని వెతికి, లేదని తెలిసి టీచరు వైపు తిరిగింది.

ఎడమ తొడ మీద చెయ్యి వేశాను. ఒకప్పుడు రుబ్బురోలులా ఉన్న చోట గుంట పడి ఉంది, నా అరచెయ్యి పట్టేంత. చచ్చిన కండ మళ్లీ రాదు. చెయ్యి అక్కడే ఉంచి కాసేపు నిలబడ్డాను. టీచరు వచ్చి "ఈ గుంట ఎలా పడిందో మీకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసు" అన్నాను. మొత్తం చెప్పాను, మొదటి చుట్టు తర్వాత నేనన్న మాటతో సహా. ఆవిడ విని, గుర్రాన్ని నీడలోకి తీసుకెళ్లింది.